బాస్కెట్‌బాల్ కోర్టుకు టైల్స్ వేసిన ఏడాది

మా ఊళ్ళో నాకంటే ఎక్కువకాలం డిగ్రీ కాలేజీకి వెళ్ళినవాడు లేడు. మామూలు పిల్లలు మూడేళ్ళలో బయటపడతారు. మొండివాళ్ళు ఇంకో రెండేళ్ళు లాగుతారు. నేను జుట్టు నెరిసేదాకా వెళ్ళాను. ఇంతా చేస్తే నా చదువు తొమ్మిదో తరగతి, అదీ సగమే. దానికి తోడు నా ఎత్తొకటి. ఐదడుగుల మీద నాకు ఏమైనా ఉందంటే అది చెప్పుల మందమే. బాస్కెట్‌బాల్ కోచ్‌నని చెబితే మనుషులు ముందు నా తల చూస్తారు, తర్వాత కాళ్ళు చూస్తారు, ఆ తర్వాత మిగతా మనిషి ఎక్కడైనా ఉన్నాడేమోనని నా వెనక్కి చూస్తారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అమ్మాయి తండ్రి నన్నే అడిగాడు.

"కోచ్ సార్ ఎప్పుడొస్తడే?"

"బయలెల్లిండన్నా," అన్నాను. "సగం వచ్చిండు."

నవ్వించడం నాకు మొదటినుంచీ ఉన్న రోగం. కానీ ఇప్పుడు రాస్తున్నది నవ్వు సంగతి కాదు. ఇది తలుచుకుంటే ఈనాటికీ నా పళ్ళు పటపటలాడతాయి. అందుకే నోటితో చెప్పడం మానేసి కాగితం మీద పెడుతున్నాను. నోటితో చెబితే జనం నవ్వుతారు.

ముందు నేను కోచ్ ఎట్లా అయ్యానో చెప్పాలి. బడి మానేశాను గానీ బడి గ్రౌండ్‌ను మానలేదు. అక్కడి డ్రిల్లు సారు నన్ను చూసి, "క్లాసుకు రాకుంటే నీ ఇష్టం. ప్రాక్టీసుకు రాకుంటే మాత్రం తంత," అన్నాడు. పగలు హన్మకొండలో ఒక సైకిల్ షాపులో పంక్చర్లు వేసేవాణ్ణి. సాయంత్రం చేతుల మసి కడుక్కోకుండానే బంతి పట్టేవాణ్ణి. నా చేతిలో పడ్డ బంతి నల్లగా తిరిగొచ్చేది, అందుకే ఎవడూ నా దగ్గర్నుంచి లాక్కోవడానికి ఇష్టపడేవాడు కాదు. నా ఆటలో సగం గొప్పతనం ఆ మసిదే. జిల్లా జట్టుకు ఆడాను. తర్వాత ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ వాళ్ళు, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేవాళ్ళకు ఆటస్థలం చూపించాల్సి వచ్చి, వెనకవైపు సిమెంటు కోర్టు పోశారు. పోశాక ఆడించేవాడు కావాలని ఎవరికో గుర్తొచ్చింది. అట్లా నేను దొరికాను. కాగితం మీద నేను గ్రౌండ్ హెల్పర్‌ని. పిల్లల నోట్లో కోచ్ సార్‌ని. నాకు పిల్లల నోరే ముఖ్యం.

కాలేజీలో బాస్కెట్‌బాల్ కోర్టు అంటే బాస్కెట్‌బాల్ ఆడే చోటు అనుకుంటారు బయటివాళ్ళు. కాదు. అది కాలేజీ మొత్తంలో చదునుగా ఉన్న ఒకే ఒక నేల. కాబట్టి అది అందరిది, ఆడేవాళ్ళది తప్ప. ఫ్రెషర్స్ డే వస్తే షామియానా తాళ్ళు మా రింగుకు కట్టేవాళ్ళు. ఆ బరువుకు రింగు ముందుకు వంగి, ఎవరినో చేయి చాచి అడుక్కుంటున్నట్టు ఉండేది. నేను స్టూలెక్కి, ఆ స్టూలు మీద ఇంకో స్టూలెక్కి దాన్ని మళ్ళీ సరిచేసేవాణ్ణి. రింగు ముందు ఆటగాడు మూడు సెకండ్లకు మించి నిలవకూడని గీత మీద లెక్చరర్ల కార్లు నిలబడేవి, రోజంతా. చైర్మన్ గారి బంధువుల పెళ్ళి భోజనాలు అక్కడే జరిగాయి. బిర్యానీ దేగిశాలు దింపిన నల్లటి మచ్చలు ఫ్రీ త్రో వేసే చోట ఉండిపోయాయి. గీత చెరిగిపోయినా మా పిల్లలు దేగిశా మచ్చ మీద నిలబడి గురి చూసేవాళ్ళు. ఒకసారి బయటి కాలేజీలో ఆడబోతే మా పిల్ల ఒకతి "సార్, ఈడ మచ్చ లేదు, యాడ నిలబడాలె?" అని అడిగింది. నవ్వాను. ఇంటికొచ్చాక కోపమొచ్చింది.

అయినా అది మంచి కోర్టు. గరుకు సిమెంటు. పడితే మోకాలు చెక్కుకుపోయేది గానీ నిలబడాలనుకున్నవాణ్ణి నిలబెట్టేది.

ఆ కోర్టు మీద నేను తయారుచేసిన పిల్లల్లో ఒకమ్మాయి కాశిబుగ్గ నుంచి వచ్చేది. వాళ్ళ నాన్న మగ్గం మీద జంపఖానాలు నేస్తాడు, అమ్మ నూలు కండెలు చుడుతుంది. ఎత్తులో ఆ పిల్ల నాకు సొంత చెల్లెలు. కానీ బంతి ఆమె చేతికి వస్తే, ఎదుటి జట్టులో పొడుగు పిల్లలంతా కింద పడిపోయిన చెవికమ్మను వెతుకుతున్నట్టు వంగి వంగి తిరిగేవాళ్ళు. బంతిని నేల నుంచి జానెడు ఎత్తు దాటనిచ్చేది కాదు. నోరు కూడా అంతే, ఎవరినీ దాటనిచ్చేది కాదు.

"ఏం బిడ్డా, బంతి పక్కదానికియ్యి. ఇంటికి తీస్కపోతాన్నవా ఏంది?" అని అరిచేవాణ్ణి.

"తీస్కపోతే మా నాయిన దాని మీద గూడ జంపఖాన నేస్తడు సార్, ఫికర్ జెయ్యకున్రి."

రెండో ఏడు వచ్చేసరికి ఆమెను కెప్టెన్‌ని చేశాను. ఏటూరునాగారం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పొడుగమ్మాయి ఒకతి రింగు కింద నిలబడేది. ఈమె అందించేది, ఆమె వేసేది. పైకి చూస్తే బండరాయి పక్కన చీమలా ఉండేవాళ్ళు. కానీ ఆ చీమ ఎటు కన్ను తిప్పితే బండరాయి అటు కదిలేది.

ఈ కథలో పణం ఏమిటో ఇక్కడే చెప్పేస్తాను. అంతర కళాశాలల పోటీలు ఏడాదికొకసారి జరుగుతాయి. యూనివర్సిటీ జట్టును ఎంపిక చేసేవాళ్ళు అక్కడికి వచ్చి కూర్చుంటారు. వాళ్ళ కంట్లో పడితే యూనివర్సిటీకి ఆడొచ్చు, సర్టిఫికెట్ వస్తుంది, దాంతో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దారి దొరుకుతుంది. మా కెప్టెన్‌కు పోలీసు ఉద్యోగం కావాలి. ఆమె మొదటి ఏడు పోటీలకు వాళ్ళ నాన్న పంపలేదు, ఆడపిల్ల నిక్కరేసుకొని ఊళ్ళు తిరుగుడేందన్నాడు. నేను వెళ్ళి మగ్గం పక్కన కూర్చుని, నిక్కరు కాదన్నా నిండు ప్యాంటు అని చెప్పి ఒప్పించేసరికి పోటీలు అయిపోయాయి. రెండో ఏడు ప్రిన్సిపాల్ పంపలేదు, ఇంటర్నల్ పరీక్షలున్నాయన్నాడు. ఇక మిగిలింది మూడో ఏడు. అది దాటితే ఆమెకోసం వాళ్ళ చిన్నాన్న వరంగల్ చౌరస్తాలో ఒక చీరెల షాపులో పని మాట్లాడి ఉంచాడు. పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా నిలబడి, విప్పిన చీరెలు మడతపెట్టే పని.

అదృష్టం ఏమిటంటే, ఆ ఏడు పోటీలు మా కాలేజీలోనే పెట్టారు. దురదృష్టం కూడా అదే.

దసరా సెలవులకు ముందు మా కాలేజీలో బతుకమ్మ ఆడటం ఆనవాయితీ. ఎక్కడ ఆడతారో చెప్పనక్కర్లేదు. అంతకు ముందు ఏడాది చైర్మన్ గారి భార్య ముఖ్య అతిథిగా వచ్చి, పట్టుచీర కట్టుకొని, చెప్పులు విప్పి, ఎండకు కాలిన ఆ సిమెంటు మీద ఆడింది. బతుకమ్మ చుట్టూ చెప్పులతో ఆడరు కదా. పాపం, ఆవిడ అరికాళ్ళు బొబ్బలెక్కాయి. వెళ్ళేటప్పుడు భర్తతో, అందరి ముందర, "ఇది కాలేజా, రొట్టెలు గాల్చే పెంకా?" అంది. ఆ మాట ఆయన ఏడాదంతా మనసులో పెట్టుకున్నాడు.

చైర్మన్ గారిది బజారులో పాతకాలపు వ్యాపారుల కుటుంబం. తండ్రి గింజల వ్యాపారం చేశాడు, ఈయన టైల్స్, బాత్రూం సామాన్ల షాపు పెట్టాడు. కాలేజీ ఆ తర్వాత వచ్చింది. మనిషి చెడ్డవాడని నేను అనను. భార్య కాళ్ళు బొబ్బలెక్కాయని బాధపడ్డాడు, బాధపడి తనకు తెలిసిన మందు వేశాడు. మరుసటి ఏడు బతుకమ్మకు పది రోజుల ముందు మా కోర్టు పక్కన లారీ ఆగింది. కూలీలు అట్టపెట్టెలు దింపుతున్నారు. ఒక పెట్టె చిరిగి ఉంటే తొంగిచూశాను. నా మొహం నాకే కనిపించింది.

ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తాను.

"సార్, కొత్త బాత్రూములేమన్న కడ్తాన్నమా?"

"కాదయ్యా. మీ కోర్టుకే. ఇంటర్నేషనల్ లెవల్ల చేస్తాండ్రు."

"జారుతది గద సార్!"

ప్రిన్సిపాల్ గారు ఫ్యాను వైపు చూశాడు. ఆయన చాలా చదువుకున్న మనిషి. ఏది జారుతుందో ఆయనకూ తెలుసు. "చైర్మన్ సార్ ముచ్చటపడి ఏపిస్తాండు. ఇప్పుడు వద్దంటే ఏం బాగుంటది చెప్పు?" అన్నాడు.

చైర్మన్ గారి దగ్గరికే వెళ్ళాను. షాపులో కౌంటర్ వెనక కూర్చుని ఉన్నాడు, చుట్టూ నలుగురు.

"సార్, దండం పెడ్త. షూలేసుకొని ఉరికేటోళ్ళకు ఇది పనికిరాదు. జర దుమ్ము వడితే, మంచు వడితే, పిల్లలు నిలవరు."

నేను పూర్తి చేయకముందే ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నేను నోరు తెరిస్తే నవ్వడం ఆయనకు అలవాటు. వార్షికోత్సవంలో నాతో మైకు పట్టించి జోకులు చెప్పించేది ఆయనే.

"ఏందయ్యా, మా ఇంట్ల హాల్ల గివ్వే టైల్స్. మా మనుమడు పొద్దుందాక ఉరుకుతడు."

"మీ మనుమని మీదికి ఐదుగురు దుంకరు గద సార్."

నలుగురూ పగలబడి నవ్వారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఈయన్ని టీవీల పెట్టాలె," అన్నాడు. చైర్మన్ గారు నాకు చాయ్ తెప్పించాడు. అంతే, అయిపోయింది. నా మొర వాళ్ళకు పొద్దున్నే దొరికిన వినోదం.

టైల్స్ మీద బంతాట వద్దని చెప్పడానికి కోచ్ అక్కర్లేదు. స్నానాలగదిలో ఒక్కసారి జారిపడ్డవాడు చాలు. చైర్మన్ గారికైతే ఇంకా బాగా తెలుసు. ఆయన షాపులో బాత్రూముకు వేసే గరుకు టైల్స్ వేరే వరసలో ఉంటాయి. కొనేవాళ్ళ చేత వాటిని వేళ్ళతో రుద్దించి, "అమ్మా, ముసలోళ్ళున్న ఇంటికి ఇవ్వే తీస్కపోన్రి, జారయి," అని చెప్పి అమ్ముతాడు. నేను కూర్చుని చాయ్ తాగుతుండగానే ఒకామెకు అట్లా అమ్మాడు. ఆ గ్లాసు అక్కడే నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. గ్లాసు పగిలితే అది కూడా జోకే అనుకునేవాళ్ళు.

ప్రారంభోత్సవానికి పంతులు వచ్చాడు. కొబ్బరికాయ కొట్టబోతుంటే మేస్త్రీ ఉరికొచ్చి ఆపాడు. "ఆగున్రి పంతులూ, టైలు పలుగుతది!" బయట నుంచి ఒక రాయి తెప్పించి, దాని కింద గోనెసంచి వేసి, దాని మీద కొట్టారు. కొబ్బరికాయకు ఓర్చుకోలేని నేల. దాని మీద పిల్లలు ఎగిరి దూకాలట. నేను తప్ప అందరూ ప్రసాదం తిన్నారు.

బతుకమ్మ మాత్రం ఆ ఏడు ఎన్నడూ లేనంత బాగా జరిగింది. ఉన్నమాట చెప్పాలి. తంగేడు, గునుగు పూల రంగులు నేలలో కూడా కనిపించాయి. ఆడవాళ్ళ వట్టికాళ్ళకు చల్లగా ఉంది. మా కెప్టెన్, ఏటూరునాగారం అమ్మాయి కూడా చీరెలు కట్టుకొని ఆడారు. చైర్మన్ గారి భార్య కాళ్ళు బాగున్నాయి. బతుకమ్మ మీద నాకేం కోపం? ఏడాదికి ఒక సాయంత్రం ఆడే ఆట కోసం, ఏడాదంతా ఆడే ఆటను చంపారు. నా కోపమంతా దాని మీదే.

సెలవులయ్యాక మొదటి ప్రాక్టీసు. ఏటూరునాగారం అమ్మాయి పరుగెత్తుకొచ్చి రింగు కింద ఆగబోయింది. ఆగలేదు. కూర్చున్న భంగిమలో కోర్టు దాటి, గడ్డి దాకా పోయింది. అందరం నవ్వాం, తను కూడా నవ్వింది. రెండోసారి ఇంకో పిల్ల పడింది. మోచేయి టైలుకు తగిలిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

చేయగలిగినవన్నీ చేశాం. తడిగుడ్డతో అరగంటకోసారి తుడిచాం. కెప్టెన్ వాళ్ళింటి నుంచి పాత జంపఖానాలు తెచ్చి పరిచింది. అవి మనిషితో సహా పడవల్లా కదిలాయి. చివరికి ఒకరోజు ఒక చిన్న డబ్బా పట్టుకొచ్చింది.

"ఏందిది బిడ్డా?"

"బెల్లం పానకం సార్. గుడ్డను గిండ్ల ముంచి షూల అడుగుకు రాస్తే అతుక్కుంటది."

"ఇది దేవునికి నైవేద్యమా, ఆటనా?"

"మీరు నవ్వున్రి సార్. నేను నిలబడి చూపిస్త."

నిలబడి చూపించింది. ఒకటి రెండు నిమిషాలు బాగానే పట్టుకునేది. తర్వాత మళ్ళీ రాయాలి. కోర్టు పక్కన చీమలు బారులు తీరాయి. పిల్లలు పరుగెత్తడం తగ్గించి, చిన్న చిన్న అడుగులతో, దూరం నుంచి వేయడం నేర్చుకుంటున్నారు. ఆ పిల్ల పట్టుదల చూస్తే నాకు గర్వంగానే ఉండేది. దాని వెనకే కోపం వచ్చేది. బంతి వైపు చూడాల్సిన పిల్ల కాళ్ళ వైపు చూస్తోంది. మూడేళ్ళు నేను ఆమెతో మాన్పించింది అదే.

పోటీల రోజు పొద్దున మంచు బాగా పట్టింది. టైల్స్ చెమట పట్టినట్టు తడిగా ఉన్నాయి. స్టేజీ వెనక పెద్ద ఫ్లెక్సీ. దాని మీద చైర్మన్ గారి మొహం ఇంత, బంతి బొట్టుబిళ్ళంత. ఎంపిక చేయడానికి వచ్చిన ఇద్దరు పక్కన కుర్చీల్లో కూర్చున్నారు. ఇంకా ముఖ్య అతిథి రాలేదు.

మొదటి ఆట బయటి నుంచి వచ్చిన రెండు కాలేజీలది. షురూ అయిన కాసేపటికే ఒక పిల్ల బంతి పట్టుకొని మలుపు తిరిగింది. మనిషి ఇటు తిరిగింది, కాలు అటు జారింది. ఆ అరుపు మైకు లేకుండానే గేటు దాకా వినబడింది. మోకాలు పట్టుకొని ముడుచుకుపోయింది. వాళ్ళ కోచ్, నేను కలిసి ఎత్తుకెళ్ళి ఆటోలో పడుకోబెట్టి దవాఖానకు పంపాం. తిరిగొచ్చేసరికి మైకులో ఎవరో, "ఆటల్లో దెబ్బలు సహజం, క్రీడాస్ఫూర్తి ముఖ్యం," అంటున్నారు. జనం చప్పట్లు కొట్టారు. స్వీపర్లు గుడ్డతో నేల తుడుస్తున్నారు. మిగతా పిల్లలు ఆట కొనసాగించారు, నూనె పోసిన పెనం మీద నడుస్తున్నట్టు.

తర్వాతి ఆట మాది.

నేను స్టేజీ ఎక్కాను. చైర్మన్ గారి చెవి దగ్గర వంగి చెప్పాను. "సార్, ఇంక వద్దు. పక్కనే సర్కారు బడిల సిమెంటు కోర్టున్నది. పర్మిషన్ నేను తెస్త. అందరం నడుసుకుంట పోతే పావుగంట."

"ముఖ్య అతిథి దారిల ఉన్నడు. ఫోటోగ్రాఫర్లొచ్చిన్రు. ఫ్లెక్సీ ఈడున్నది. ఆడికెట్ల పోతమయ్యా?"

"పిల్ల మోకాలు పోయింది సార్."

"దవాఖానకు తోలినం గద. ఇవాళ పంచాయితీ వెట్టకు. పో, రెండు జోకులేసి పిల్లల్ని ఉషారు జెయ్యి."

రెండు జోకులు వెయ్యమన్నాడు. నా నెత్తి మీద ఎవరో మరిగే నీళ్ళు పోసినట్టైంది. ఇన్నేళ్ళూ ఆయన నాకు జీతమిచ్చింది కోచ్‌గా కాదని, ఆ పిల్లలు ఆ కోర్టు మీద ఆడుతున్నది ఆట కాదని, అంతా ఒక ఫ్లెక్సీ ముందర జరిగే తమాషా అని అప్పుడు అర్థమైంది.

కిందికి దిగి రెఫరీని అడిగాను. మంచివాడే. గొంతు తగ్గించి, "మీరు చెప్పేది కరెక్టే అన్నా, గ్రౌండ్ మార్చే పవర్ నాకు లేదు," అన్నాడు. అందరూ నేను చెప్పేది కరెక్టేనంటారు. గొంతు తగ్గించి అంటారు.

మా పిల్లలు గీత పక్కన వరసగా కూర్చుని షూలకు బెల్లం పానకం రాసుకుంటున్నారు. కెప్టెన్ నా మొహం చూసి లేచింది.

"సార్, మెల్లగ ఆడుతం. ఉరకం. నేను దూరంకెళ్ళే ఏస్త."

"వద్దు బిడ్డా."

"నాకలవాటైంది సార్. రోజు దీని మీదనే ఆడుతలేమా?"

"వద్దన్న గద."

"సార్, ఆ ఇద్దరు సార్లు చూస్తాండ్రు. ఇవాళ ఒక్కదినమే."

నేను వినలేదు. నేరుగా మైకు దగ్గరికి వెళ్ళాను. వార్షికోత్సవాల్లో దాన్ని నా చేతికి ఇచ్చే పిల్లవాడే అలవాటుకొద్దీ ఇచ్చాడు. "మా జట్టు ఈ నేల మీద ఆడదు," అన్నాను. "ఈ టైల్స్ ఏపిచ్చినోళ్ళు, ఏస్తాంటే సూసుకుంట కూసున్నోళ్ళు, చప్పట్లు కొట్టెటోళ్ళు, ముందు మీరు షూలేసుకొని ఒక్క రౌండు ఉరికి సూపెట్టున్రి. నిలబడ్డోళ్ళు వచ్చి నన్ను చెప్పు తీసి కొట్టున్రి."

జనం నవ్వారు. ముందు కుర్రకారు, తర్వాత లెక్చరర్లు, చివరికి స్టేజీ మీద చైర్మన్ గారు పొట్ట పట్టుకొని నవ్వాడు. నా జీవితంలో అంత పెద్ద నవ్వు నేను ఎన్నడూ తెప్పించలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, వాళ్ళు దాన్ని కూడా యాక్టింగ్ అనుకున్నారు. ఒకడు ఈల వేశాడు.

బంతిని చంకలో పెట్టుకొని, పిల్లల్ని లేపి, కోర్టు బయటికి నడిచాను. అప్పుడు ఆగింది నవ్వు. రెఫరీ కాసేపు చూసి, ఎదుటి జట్టు గెలిచిందని చెయ్యెత్తాడు. వాళ్ళు ఆడకుండానే గెలిచారు. మా వాళ్ళు ఆడకుండానే ఓడారు. ఏటూరునాగారం అమ్మాయి ఏడ్చింది. కెప్టెన్ ఏడవలేదు. మెట్ల మీద కూర్చుని షూ లేసులు విప్పింది, అడుగున అంటిన బెల్లాన్ని పుల్లతో గీకింది, షూలు సంచిలో పెట్టుకొని, నాకు చెప్పకుండా బస్సెక్కింది.

ఆ సాయంత్రం ప్రిన్సిపాల్ ఫోన్ చేశాడు. "రేపటికెళ్ళి రాకు. నాకు మస్తు బాధగున్నది," అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు. నా మెడకు విజిల్ వేలాడిన ఇన్నేళ్ళూ ఆ ఒక్క ఫోనుతో ముగిశాయి. సన్మానం లేదు, శాలువా లేదు. నయం, ఆ కాలేజీ వాళ్ళు శాలువా కప్పినా దాని మీద షాపు పేరుంటుంది.

మర్నాడు నుంచి ఏమైనా మారిందా? టైల్స్ అట్లాగే ఉన్నాయి. దవాఖానకు పోయిన పిల్ల ఆట మానేసిందని వాళ్ళ కోచ్ చెప్పాడు. చైర్మన్ గారు ఒక్కసారైనా వెళ్ళి చూశాడో లేదో తెలియదు. కోర్టు ఫోటో మాత్రం అడ్మిషన్ల పాంప్లెట్‌లో మొదటి పేజీలో వచ్చింది. మెరుస్తోంది. మీద ఒక్క మనిషి లేడు. ఇకముందూ అట్లాగే ఉంటే బాగుండు.

ఇంకొకటి కూడా జరిగింది. అది నాకు మింగుడుపడనిది. యూనివర్సిటీ జట్టు ఎంపికైంది. మా మీద ఆడకుండా గెలిచిన జట్టులోని బక్కపల్చని అమ్మాయి ఒకతి అందులో ఉంది. మధ్యాహ్నం ఎండకు టైల్స్ ఆరాక ఆ పిల్ల ఫైనల్ ఆడిందట. జారిందట, పడిందట, లేచి ఆడిందట. మా కెప్టెన్ ముందు ఆ పిల్ల ఏపాటిది? గట్టిగా చెబుతున్నాను, ఏపాటిదీ కాదు. అయినా సర్టిఫికెట్ ఆ పిల్లకు వచ్చింది.

నేను చేసింది తప్పని నేను ఈరోజుకీ ఒప్పుకోను. ఆటోలో పడుకోబెట్టినప్పుడు ఆ బయటి పిల్ల నా చొక్కా పట్టుకొని వదల్లేదు. ఆ పిడికిలి ఇంకా నా ఛాతీ మీద ఉన్నట్టే ఉంటుంది. అది చూశాక నా పిల్లను ఆ నేల మీదికి పంపేవాణ్ణి కాదు. రేపు మళ్ళీ జరిగినా పంపను. ఈ మాట ఆమెకు చెప్పాలని కొన్ని నెలలు తిరిగాను. డిగ్రీ పరీక్షలయ్యాయి. చీరెల షాపులో చేరిందని తెలిసింది. షాపుకు సెలవున్న రోజు చూసుకొని కాశిబుగ్గ వెళ్ళాను.

వాళ్ళ నాన్న మగ్గం ఆపకుండానే తలూపాడు. వాళ్ళమ్మ కండెలు పక్కన పెట్టి లేచింది.

"రాన్రి సార్, కూసోన్రి. చాయ్ పెడ్త. సన్నవడ్డరేంది?"

"లేదక్కా, పొడుగైన. అందుకే సన్నగ కనవడ్తాన్న," అన్నాను.

ఆవిడ నవ్వింది. ఆమె కూతురు నవ్వలేదు. గోడకానుకొని నిలబడింది. కాళ్ళు వాచి ఉన్నాయి. రోజంతా నిలబడే పని కదా. చూడలేక నేల వైపు చూస్తూ మాట్లాడాను.

"బిడ్డా, నా మీద కోపమున్నదని తెలుసు. ఆ పిల్ల కత నువ్వు గూడ చూసినవ్ గద. నీ కాలు ఇరిగితే ఏమైతుండె? నేను ఎవరి మీద కోపంతోటి చెయ్యలే. నీ కాలు కోసమే ఆపిన."

మగ్గం ఆగింది. వాళ్ళమ్మ చాయ్ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ పిల్ల నా వైపు సూటిగా చూసి, గొంతు పెంచకుండా, తగ్గించకుండా అంది.

"కాలు నాది సార్. కోపం మీది. మీ కోపానికి మైకైన దొరికింది, నా కాలుకు కోర్టు దొరకలే."